పలకరింపులు అయిపోయాక పుస్తకం ఏం చేయగలదు?

ముప్పై ఏళ్ళకే భర్త పోయిన అమ్మాయి ఇంటికి పెద్దకర్మ అయ్యేదాకా జనం వస్తూనే ఉంటారు. ఆ తర్వాత ఒక్కొక్కరే తగ్గిపోతారు. సరిగ్గా అప్పుడే పుస్తకాలు రావడం మొదలవుతుంది. ఒకరు గీతా తాత్పర్యం తెచ్చిస్తారు. ఆఫీసులో తెలిసినావిడ పాజిటివ్ థింకింగ్ పుస్తకం పంపుతారు. "ఇది చదువమ్మా, ధైర్యం వస్తుంది" అంటూ వాట్సాప్‌లో పీడీఎఫ్ ఒకటి దిగుతుంది. అదే భార్య పోయిన కుర్రాడికైతే పుస్తకాల కంటే ముందు సంబంధాలొస్తాయి. ఆ సంగతి తర్వాత.

ఇచ్చేవాళ్ళ మనసు మంచిదే. అయినా ఆ పుస్తకాల్లో చాలావాటిని తెరవకుండానే బీరువాలో పెట్టేస్తారు. కొన్నాళ్ళకు అదే మనిషి ఎవరూ సలహా ఇవ్వని పుస్తకమేదో, పాత డిటెక్టివ్ నవలో, పిల్లల బొమ్మల కథలో పట్టుకుని గంటసేపు అన్నీ మరిచి కూర్చోవడం చూస్తాం. చదువు ఓదారుస్తుందా అని అడిగితే ఓదారుస్తుందనే అంటాను. కానీ పుస్తకంలో రాసిన ధైర్యవచనాల వల్ల కలిగే ఊరట చాలా తక్కువ. ఏమీ అడక్కుండా పక్కన ఉండటం, వద్దనుకున్నప్పుడు మూసేసే వీలుండటం, రేపు మళ్ళీ అక్కడే దొరకడం, ఈ మూడింటి వల్లే మనిషికి ఎక్కువ మేలు జరుగుతుంది. ఎందుకో చూద్దాం.

వశిష్ఠుడు పంపిన కబురు

ఈ విషయాన్ని కాళిదాసు పట్టుకున్నంత బాగా ఇంకెవరూ పట్టుకోలేదని నా అభిప్రాయం. రఘువంశం ఎనిమిదో సర్గలో అజ మహారాజు, ఇందుమతి తోటలో విహరిస్తుంటారు. ఆకాశంలో గోకర్ణానికి పోతున్న నారదుడి వీణ కొసనున్న పూలదండ గాలికి జారి ఇందుమతి గుండెల మీద పడుతుంది. ఆమె అక్కడికక్కడే పోతుంది. కొడుకు దశరథుడు ఇంకా పసివాడు. పూలదండ తగిలి ప్రాణం పోవడం కావ్యాల్లోనే జరుగుతుందనుకుంటాం. పొద్దున బండి మీద డ్యూటీకి వెళ్ళిన మనిషి సాయంత్రానికి లేడని విన్న ఇంట్లో మాత్రం అది అతిశయోక్తి అనిపించదు.

అజుడి ఏడుపులో ఒక శ్లోకం చాలామందికి నోటికొచ్చు. ఇల్లాలివి, మంత్రివి, ఏకాంతంలో స్నేహితురాలివి, కళల్లో ప్రియశిష్యురాలివి. నిన్ను ఎత్తుకుపోయిన మృత్యువు నాదంటూ ఏది వదిలిపెట్టిందో చెప్పు అంటాడు. చిన్న వయసులో జంట విడిపోవడంలోని అసలు లెక్క ఇదే. అరవై ఏళ్ళు కలిసి బతికినవాళ్ళకు గతం పోతుంది. ముప్పైల్లో పోగొట్టుకున్నవాళ్ళకు ఇంకా జరగనివన్నీ పోతాయి. అద్దె కట్టే మనిషి, పిల్లాణ్ణి బడిలో దింపే మనిషి, గ్యాస్ బుకింగ్ ఏ ఫోన్ నంబరు మీద ఉందో తెలిసిన మనిషి, రాత్రి పడుకునే ముందు ఆ రోజు కబుర్లన్నీ వినే మనిషి ఒకేసారి మాయమవుతారు.

వశిష్ఠుడు యజ్ఞదీక్షలో ఉండి రాలేక శిష్యుడి చేత కబురు పంపుతాడు. శరీరం ఉన్నవాడికి చావు సహజం, బతికుండటమే వింత అంటాడు. అయినవాళ్ళు ఎడతెగకుండా కార్చే కన్నీళ్ళు పోయినవాళ్ళను కాలుస్తాయంటారు అని గుర్తుచేస్తాడు. ఇందుమతి శాపం తీరి వెళ్ళిపోయిన అప్సరస అని కారణం కూడా చెబుతాడు. "నువ్విలా ఏడిస్తే ఆయన ఆత్మకు శాంతి ఉండదమ్మా" అని మన పెద్దవాళ్ళు ఇవాళ్టికీ అంటున్న మాటే ఇది. అజుడు అంతా వింటాడు. అలాగేనంటాడు. వచ్చిన మునిని మర్యాదగా సాగనంపుతాడు. దుఃఖంతో గట్టిపడిన గుండెలో నిలవడానికి చోటు దొరక్క ఆ మాటలు వెనుదిరిగి గురువు దగ్గరికే వెళ్ళిపోయినట్టున్నాయి అంటాడు కాళిదాసు.

వశిష్ఠుడు చెప్పింది అబద్ధమని కవి అనలేదు. చోటు లేదన్నాడంతే. మూడో వారంలో ఇంటికొచ్చే పుస్తకాలకు పట్టే గతి కూడా ఇదే. పుచ్చుకున్నవాళ్ళు కూడా అజుడిలాగే "అలాగే, చదువుతాను" అంటారు.

కబురు పనిచేయకపోయినా అజుడు ఎనిమిదేళ్ళు బతికాడు, కొడుకు చిన్నవాడు కనుక. ఆ ఎనిమిదేళ్ళూ ఎలా గడిపాడో కూడా కవి చెప్పాడు: ఆమె పోలిక ఉన్నవాటిని, ఆమె బొమ్మలను చూసుకుంటూ, కలల్లో క్షణకాలం ఆమెను కలుసుకుంటూ. దుఃఖం మాత్రం మేడ నేలను చీల్చుకొచ్చే జువ్విమొలకలా లోపల పెరుగుతూనే ఉంది. చివరికి కొడుక్కి రాజ్యం అప్పగించి, ఆహారం మానేసి, గంగా సరయూ నదులు కలిసేచోట దేహం వదిలేశాడు. ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ సర్గ కావ్యంగా ఎంత గొప్పదైనా, నిన్నమొన్న జంటను పోగొట్టుకున్న మనిషి చేతిలో పెట్టే ముందు దీని ముగింపు గుర్తుంచుకోవాలి. సాహిత్యాభిమానం ఎక్కువై ఇలాంటివి బహుమతిగా ఇచ్చేవాళ్ళున్నారు.

ఇంగ్లిషులో ఇలాంటి కబురు తనకు తానే పంపుకున్న రచయిత సి.ఎస్. లూయిస్. దేవుడున్న లోకంలో బాధ ఎందుకుందో వివరిస్తూ 1940లో పద్ధతిగా, తర్కంతో ఒక పుస్తకం రాశారు. 1956లో పెళ్ళి చేసుకున్న జాయ్ 1960లో క్యాన్సర్‌తో పోయారు. అప్పుడు నోటుబుక్కుల్లో రాసుకున్నది 1961లో మారుపేరుతో అచ్చయింది. మొదటి పుస్తకంలోని జవాబులు రెండో పుస్తకంలో పనిచేయవు. దుఃఖం భయంలా ఉంటుందని తనకెవరూ చెప్పలేదనే మాటతోనే అది మొదలవుతుంది. రాసిందెవరో తెలియని స్నేహితులు కొందరు, చదివితే ఊరటగా ఉంటుందని ఆ పుస్తకాన్ని ఆయనకే ఇచ్చారట.

అయిదు మెట్ల లెక్క

దుఃఖం గురించి ఏం వెతికినా ముందు ఎదురయ్యేది అయిదు దశల పట్టిక. కాదనుకోవడం, కోపం, బేరాలాడటం, కుంగిపోవడం, ఒప్పుకోవడం. ఇది ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ అనే మనోవైద్యురాలు 1969లో రాసిన పుస్తకం నుంచి వచ్చింది. ఆమె మాట్లాడింది చావు దగ్గరపడిన రోగులతో. తమ చావు గురించి తమకు తెలిశాక వాళ్ళు ఎలా ఉన్నారో రాశారు. దాన్ని వెనక మిగిలినవాళ్ళకు అంటగట్టడం తర్వాత జరిగింది. చివరి రోజుల్లో ఆమె కూడా సహరచయితతో కలిసి ఆ దశలను మిగిలినవాళ్ళ దుఃఖానికి వర్తింపజేస్తూ రాశారు, ఇవి వరసగా ఎక్కే మెట్లు కావని చెబుతూనే. ఆ చివరి ముక్క మాత్రం పట్టికతో పాటు ప్రయాణం చేయలేదు.

దీనివల్ల జరిగే నష్టం చిన్నదేం కాదు. కొత్తగా భర్త పోయిన మనిషి ఆ పట్టిక పక్కన తనను పెట్టుకుని చూసుకుంటుంది. "నాకసలు కోపమే రాలేదు, నాలో ఏదైనా లోపముందా?" "నిన్న ఒప్పుకున్నాననిపించింది, ఇవాళ మళ్ళీ మొదటికొచ్చింది." ఊరట కోసం తెరిచిన పుస్తకం ప్రోగ్రెస్ కార్డు అయి కూర్చుంటుంది.

నాకు ఇంతకంటే నిజానికి దగ్గరగా అనిపించే వివరణ నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మార్గరెట్ స్ట్రోబ, హెంక్ షుట్ 1999లో రాసింది. వాళ్ళు చెప్పేది సులువైన మాట. జంటను పోగొట్టుకున్న మనిషి రెండు పనుల మధ్య అటూ ఇటూ తిరుగుతుంటుంది. ఒకటి పోయినదాని వైపు చూడటం: ఏడుపు, ఫొటోలు, జ్ఞాపకాలు. రెండోది మిగిలిన బతుకును నిలబెట్టుకోవడం: ఉద్యోగం, పిల్లలు, డబ్బు, కొత్తగా మీద పడ్డ పనులు. ఈ అటూ ఇటూ తిరగడమే ఆరోగ్యం. పొద్దున ఏడ్చి మధ్యాహ్నం బ్యాంకులో వాదించి సాయంత్రం పిల్లాడి మాటకు నవ్వితే అది కపటమూ కాదు, మరుపూ కాదు.

మన దగ్గర రెండోవైపు బరువు చాలా ఎక్కువ. డెత్ సర్టిఫికెట్, తహసీల్దార్ ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, పీఎఫ్, ఇన్సూరెన్సు, బ్యాంకులో నామినీ గొడవ, బండి పేరు మార్పిడి. నిజం చెప్పాలంటే చిన్న వయసులో భర్త పోయిన స్త్రీ ఆ మొదటి నెలల్లో చదివేవి ఎక్కువగా ఫారాలే. సీరియళ్ళలో విధవరాళ్ళు దండేసిన ఫొటో ముందు ఏడుస్తారు. బయట మాత్రం ఆధార్‌లో ఆయన పేరు స్పెల్లింగు పాస్‌బుక్కులో దానితో కలవలేదని కౌంటర్ దగ్గర ఏడ్చినవాళ్ళున్నారు.

ఈ చూపుతో చూస్తే పుస్తకం చేసే పని అర్థమవుతుంది. దుఃఖం గురించిన పుస్తకం మనిషిని పోయినదాని వైపు తీసుకెళ్తుంది. హాస్యకథ, మర్డర్ మిస్టరీ, యాత్రాకథనం అక్కడి నుంచి కాసేపు దూరంగా తీసుకెళ్తాయి. రెండూ కావాలి. ఎప్పుడు ఏది కావాలో బయటివాళ్ళకు తెలియదు, చదివే మనిషికి తెలుస్తుంది. పలకరించడానికి వచ్చినవాళ్ళను మధ్యలో ఆపలేం, పుస్తకాన్ని ఆపగలం. కళ్ళు తడిస్తే మూసెయ్యొచ్చు. ఎందుకు మూశావని అది అడగదు.

ఇక్కడే వాట్సాప్‌లో తిరిగే ఇంకో మాట. ఆరు నిమిషాలు చదివితే ఒత్తిడి 68 శాతం తగ్గుతుందట. ఆ అంకె 2009లో ఇంగ్లండ్‌లో చేసిన ఒక చిన్న ప్రయోగంలోది. జంటను పోగొట్టుకున్నవాళ్ళ మీద చేసింది కాదు. పుస్తకాలతో చికిత్స అన్న ఆలోచనకు వందేళ్ళు దాటాయి, ఇంగ్లిషులో దానికి పేరు కూడా 1916 నాటికే వచ్చింది. ఓ మోస్తరు డిప్రెషన్‌కు, పద్ధతిగా అభ్యాసాలు చేయించే పుస్తకాలు ఉపయోగపడతాయని మంచి ఆధారాలే ఉన్నాయి. దుఃఖం విషయంలో అంత గట్టి ఆధారాల్లేవు. కాబట్టి చదువును మందుగా అమ్మేవాళ్ళను నమ్మక్కర్లేదు. తోడుగా చెప్పుకుంటే చాలు.

ముందసలు చదవగలగాలి కదా

పుస్తకాల పురుగులకు కూడా ఆ మొదటి నెలల్లో అక్షరం ఎక్కదు. అదే వాక్యం నాలుగుసార్లు చదువుతారు, పేజీ తిప్పాక ముందు పేజీలో ఏముందో గుర్తుండదు. నిద్ర లేదు, మనసు ఒకే చోట తిరుగుతోంది, ఏ చప్పుడైనా గేటు చప్పుడులా వినిపిస్తోంది; ఆ స్థితిలో అయిదొందల పేజీల నవల ఎవరికైనా కష్టమే. "నాకు చదవడం కూడా పోయింది" అని బెంగపెట్టుకునేవాళ్ళకు చెప్పాల్సింది ఒకటే, అది సాధారణంగా తిరిగొస్తుంది.

తిరిగొచ్చేటప్పుడు చిన్నవాటితో వస్తుంది. ఒక పద్యం. వారపత్రికలో ఒక పేజీ కథ. పిల్లలకు పడుకునే ముందు చదివి వినిపించే బొమ్మల కథ. ఈ చివరిది తక్కువేం కాదు. పైకి చదువుతుంటే గొంతు పనిలో ఉంటుంది, పిల్లాడు "తర్వాతేమైంది?" అని లాగుతుంటాడు, కథ మూడు నిమిషాల్లో అయిపోతుంది. చదవలేనివాళ్ళు వినొచ్చు, తెలుగు కథలు చదివి వినిపించే ఆడియోలు ఇప్పుడు కావలసినన్ని ఉన్నాయి. వంట చేస్తూ వినడం చాలామందికి చదవడం కంటే ముందు సాధ్యపడుతుంది.

ఇంకో అలవాటు కూడా తరచూ కనిపిస్తుంది. కొత్త పుస్తకం ముట్టుకోరు, ఎప్పుడో ఇంటర్లో చదివిన నవలే మళ్ళీ చదువుతారు. బయట నుంచి చూసేవాళ్ళకు అది కాలక్షేపం. నాకు మాత్రం అందులో తెలివి కనిపిస్తుంది. తన కథ చెప్పాపెట్టకుండా తెగిపోయిన మనిషికి, ఎవరు పోతారో ఎవరు మిగులుతారో ముందే తెలిసిన కథ కావాలి. డిటెక్టివ్ నవల కూడా ఇలాంటిదే. అందులో చావు ఉంటుంది, కానీ దానికి కారణం ఉంటుంది, చివరి పేజీలో అది దొరుకుతుంది.

ఇలా చదివితే ఇంట్లో ఊరుకుంటారా అన్నది అసలు ప్రశ్న. "మొగుడు పోయి మూణ్ణెల్లు కాలేదు, నవల పట్టుకుని కూర్చుంది" అనే నోళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. అదే చేతిలో భాగవతం ఉంటే ఎవరూ ఏమీ అనరు. కాబట్టి కొందరు ఫోన్‌లో చదువుకుంటారు, అందులో ఏముందో పక్కవాళ్ళకు కనిపించదు కనుక. ఫోన్‌ను ఎంత తిట్టుకున్నా ఈ ఒక్క మేలు మాత్రం చేసిందని ఒప్పుకోవాలి.

భక్తి గ్రంథాలను నేనేమీ చిన్నచూపు చూడటం లేదు. దినాల్లో గరుడపురాణం చదివించే ఇళ్ళు చాలా ఉన్నాయి. అందులో ప్రేతం పడే బాధలు, యమలోకం దారి, వైతరణి, నరకాలు వరసగా వస్తాయి. ముప్పై ఏళ్ళ మనిషిని పోగొట్టుకుని ఆ వర్ణనలు వినడం భార్యకు ఏ రకంగా ఓదార్పో నాకు అర్థం కాదు. కానీ దాని విషయం పక్కనపెట్టి అది జరిగే తీరు చూస్తే ఇంకోటి తెలుస్తుంది. సాయంత్రం అయ్యేసరికి ఇల్లంతా ఒకచోట కూర్చుంటుంది. ఒకరు చదువుతారు, మిగతావాళ్ళు వింటారు, ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. ఆ గంటసేపు ఆమె ఎవరికీ సమాధానం చెప్పక్కర్లేదు. ఘంటసాల భగవద్గీత సంగతీ కొంచెం ఇంతే. మైకులో అది వినిపిస్తే వీధిలో ఎవరో పోయారని ఊళ్ళో అందరికీ తెలుస్తుంది. వేరే రోజు, వేరే వేళ అదే గీతను తనంతట తాను తెరిచి చదువుకునే మనిషికి ఊరట దొరకొచ్చు. అయిష్టంగా వింటున్నవాళ్ళకు మాత్రం ఆ గొంతు జీవితాంతం ఆ రోజునే గుర్తుచేస్తుంది.

చదువుకుంటే మొగుడు పోతాడన్న రోజులు

చదువుకు, వైధవ్యానికి మన దేశంలో ఒక చేదు సంబంధం ఉంది. ఆడపిల్ల చదవడం రాయడం నేర్చుకుంటే పెళ్ళయిన కొద్దికాలానికే విధవ అవుతుందన్న నమ్మకం హిందూ కుటుంబాల్లో బలంగా ఉందని 1830లలో బెంగాల్ పాఠశాలల మీద నివేదిక రాసిన విలియం ఆడమ్ నమోదు చేశారు. అంటే భర్తను చంపేది చదువేనన్నమాట. తీరా చదువు రాని పిల్లలకే ఎనిమిదేళ్ళకు, పదేళ్ళకు భర్తలు పోయారు. వాళ్ళకు మిగిలింది మూలన గది, పురాణ కాలక్షేపం.

ఆ మూలలోంచే అక్షరం పట్టుకుని బయటికొచ్చినవాళ్ళూ ఉన్నారు. 18వ శతాబ్దంలో తరిగొండ వెంగమాంబ చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుని, తల గొరిగించుకోవడానికి ఒప్పుకోక, తిరుమల చేరి వేంకటాచల మాహాత్మ్యం లాంటి కావ్యాలు రాశారు. తిరుమల ఏకాంతసేవలో ఆమె పేరిట హారతి ఇవాళ్టికీ జరుగుతోంది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించిన వీరేశలింగమే 1883లో స్త్రీల కోసం సతీహితబోధిని పత్రిక నడిపారు. ఆయన లెక్కలో ఆ రెండూ వేర్వేరు పనులు కావు. మద్రాసులో చిన్ననాడే భర్త పోయిన సుబ్బలక్ష్మి 1911లో పట్టభద్రురాలై, తనలాంటి పిల్లలను చేరదీసి చదివించడం మొదలుపెట్టారు. సముద్రం ఒడ్డున ఐస్‌హౌస్ భవనంలో వాళ్ళ హాస్టల్ నడిచింది. అక్కడి పిల్లలకు పుస్తకం ఓదార్పు ఇచ్చిందో లేదో గానీ టీచరు ఉద్యోగం ఇచ్చింది.

అయితే ఆ దుఃఖాన్ని తమ మాటల్లో తాము రాసుకున్న తెలుగు ఆడవాళ్ళ పుస్తకం కోసం వెతికితే అల్మారా బోసిగా ఉంటుంది. భార్య పోయిన కవుల గోడు మాత్రం దొరుకుతుంది. కృష్ణశాస్త్రి పాతికేళ్ళు నిండకముందే, 1922లో, భార్యను పోగొట్టుకున్నారు. 1925లో కృష్ణపక్షం వచ్చింది. విశ్వనాథ భార్య కోసం వరలక్ష్మీ త్రిశతి రాశారు. భర్త పోయిన కవయిత్రి అంత బాహాటంగా, నీతి బోధ లేకుండా, దేవుడికి అంకితమివ్వకుండా ఏడ్చిన పాత పుస్తకం నా కంటపడలేదు.

మహాభారతంలో కూడా ఇదే వరస. స్త్రీపర్వంలో అభిమన్యుడి శవం దగ్గర ఉత్తర ఉంటుంది, కడుపులో పరీక్షిత్తుతో. నాతో కలిసి ఉండటం నీకు ఆరు నెలలే రాసిపెట్టి ఉంది, ఏడో నెలలో పోయావు అని సంస్కృత మూలంలో ఆమె అంటుంది. నెలలు లెక్కపెట్టుకోవడం చూడండి, అది కవిత్వం కోసం అన్న మాట కాదు. కానీ ఆ మాటలు మనకు నేరుగా ఆమె నోటి నుంచి వినపడవు. పక్కనే ఉన్న గాంధారి కృష్ణుడికి చెబుతుంటే వింటాం. పడుచు విధవ ఏడుపును కూడా పెద్దావిడే వినిపించాలి. తిక్కన తెలుగు చేసిన పదిహేను పర్వాల్లో స్త్రీపర్వమూ ఉంది. అందరం యుద్ధపర్వాలు చదివి ఆగిపోతాం.

ఈ లోటు వల్లే ఇంగ్లిషు వచ్చినవాళ్ళు ఆ వైపు పోతున్నారు. పాల్ కలానిధి అనే డాక్టరు 2015లో 37 ఏళ్ళకు క్యాన్సర్‌తో పోయారు. మరుసటి ఏడాది అచ్చయిన ఆయన ఆత్మకథకు చివరి అధ్యాయం భార్య లూసీ రాశారు. ఒళ్ళో ఏడాది నిండని పాప ఉంది. పుస్తకం మొత్తం మీద ఆ చివరి పేజీలే తమవి అనిపించాయని చెప్పేవాళ్ళున్నారు.

పోయినవాళ్ళ పుస్తకాలు

ఆయన సగం చదివి వదిలేసిన పుస్తకాన్ని ఏం చేయాలన్నది ఇంకో చిక్కు. చొక్కాలు ఇచ్చేస్తారు, ఫోన్ ఆపేస్తారు. గుర్తు పెట్టిన పుస్తకం మాత్రం అలాగే ఉండిపోతుంది. మా పెద్దమ్మ కూతురు, నాకు అక్క, భర్త పోయిన చాలా నెలలకు ఆయన మంచం పక్కనున్న పుస్తకం తీసింది. రష్యన్ నవలకు తెలుగు అనువాదం, లావుపాటిది, మధ్యలో ఆర్టీసీ టికెట్టు. తనకు నవలలు పెద్దగా అలవాటు లేదు. రోజూ రాత్రి పిల్లలు పడుకున్నాక కొన్ని పేజీలు చదివేది. ఎలా ఉందని అడిగితే, "కథ నాకు ఎక్కలేదురా. అన్నీ నోరు తిరగని పేర్లు. మీ బావ మార్జిన్లో బియ్యం బస్తా రేటు రాసుకున్నారు చూడు" అని తెరిచి చూపించింది. పెన్సిల్‌తో రెండు కొట్ల పేర్లు, రెండు రేట్లు, తక్కువ రేటు కింద గీత. అలాంటివి ఇంకెక్కడైనా ఉంటాయేమోనని మొత్తం చదివేసింది.

పోయినవాళ్ళతో బంధం తెంచుకుంటేనే మనిషి కోలుకుంటుందని చాలాకాలం నిపుణులు నమ్మారు. 1996లో డెన్నిస్ క్లాస్, మరో ఇద్దరు కలిసి తెచ్చిన పుస్తకం దాన్ని గట్టిగా ప్రశ్నించింది. బంధం తెగక్కర్లేదు, రూపం మార్చుకుని కొనసాగుతుంది, చాలామంది విషయంలో అదే మామూలు అని వాళ్ళు చూపించారు. ఏటా తద్దినం పెట్టే మనకు ఇదేమంత కొత్త సంగతి కాదు. కాకపోతే మన తద్దినంలో భార్యకు వంటింటి పని తప్ప చోటుండదు. మార్జిన్లో బియ్యం రేటు ఆమెకు మాత్రమే దక్కిన తద్దినం.

మగవాళ్ళ సంగతి చెబుతానన్నాను. పాతికల్లో, ముప్పైల్లో భార్య పోయిన అబ్బాయికి ఏడాది తిరక్కుండా సంబంధాలు చూస్తారు. "పిల్లలకు తల్లి కావాలి కదరా" అంటారు. ఏడవడానికి ఆడవాళ్ళకు ఉన్నపాటి చోటు కూడా అతనికి ఉండదు. అలాంటివాళ్ళు చదివేదేమైనా ఒంటరిగా, రాత్రిపూట, ఎవరికీ చెప్పకుండా చదువుతారు. భార్య పోయినాయనకు పుస్తకం ఇచ్చినవాళ్ళు దాని గురించి మళ్ళీ అడగకపోవడమే మంచిది. అడిగితే అతను "టైం దొరకలేదు" అంటాడు, మాట అక్కడితో ఆగిపోతుంది.

పుస్తకం చాలని చోటు

కొన్నిసార్లు ఏ పుస్తకమూ సరిపోదు. ఏడాది దాటినా దాదాపు ప్రతిరోజూ తొలినాళ్ళంత తీవ్రంగానే తపన, పోయారన్న నమ్మకమే కుదరకపోవడం, తానెవరో తనకే తెలియనట్టు ఉండటం, పనులేవీ సాగకపోవడం ఉంటే దాన్ని ఇప్పుడు వైద్యులు ప్రత్యేకమైన సమస్యగా గుర్తిస్తున్నారు. మానసిక సమస్యలను వర్గీకరించే అమెరికన్ మనోవైద్యుల గ్రంథం 2022లో దీన్ని చేర్చింది, పెద్దవాళ్ళకు ఏడాది గడువు పెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో ఆ గడువు ఆరు నెలలు. దీనికి మాటలతో చేసే చికిత్సలున్నాయి, పనిచేస్తాయి. ఇక చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే గడువుల లెక్క అక్కర్లేదు, ఆ రోజే ఎవరితోనైనా మాట్లాడాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 నంబరుకు డబ్బు కట్టకుండా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఇంతకీ ఆ ఇంటికి వెళ్ళేటప్పుడు ఏ పుస్తకం పట్టుకెళ్ళాలి? నన్నడిగితే మొదటి నెలల్లో ఏదైనా వారపత్రిక చాలు. లేదా పిల్లలకు రెండు బొమ్మల పుస్తకాలు. దుఃఖం గురించినవి ఆమె అడిగినప్పుడు ఇవ్వొచ్చు. చదివావా అని ఆరా తీయకూడదు, తిరిగి ఇమ్మని అసలు అడగకూడదు.

మన ఊళ్ళలో శాఖా గ్రంథాలయానికి మధ్యాహ్నం వెళ్ళి చూస్తే బెంచీల నిండా గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదివేవాళ్ళే ఉంటారు. వాళ్ళలో ఒకరిద్దరు అందరికంటే కొంచెం పెద్దవాళ్ళు, బడి వదిలే టైముకు లేచి వెళ్ళిపోయేవాళ్ళు కనిపిస్తారు. భర్త ఉద్యోగం కారుణ్య నియామకం కింద వచ్చి, అందులో నిలదొక్కుకోవడానికి డిపార్ట్‌మెంటల్ టెస్టులకు చదివేవాళ్ళుంటారు. దుఃఖంలో చదువు అనగానే మనకు కవిత్వం, వేదాంతం గుర్తొస్తాయి గానీ వాళ్ళ చేతిలో ఉండేది అకౌంట్ టెస్ట్ గైడు. ఆ రెండు గంటలూ ఆమె రూల్ నంబర్లు తప్ప ఇంకేమీ ఆలోచించదు, ఇంటికెళ్ళాక కాస్త నిద్ర కూడా పడుతుంది. అలాంటి మనిషి ఎదురైతే, "ఎలా ఉన్నావమ్మా" అని జాలిగా చూసేకంటే పరీక్ష ఎప్పుడని అడిగితే బాగుంటుంది.